నాలుగు సీసాల కోటా, నెబ్బియోలో కొండలు

విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం కట్టకుండా మన దేశంలోకి తెచ్చుకోగలిగే మద్యం మనిషికి 2 లీటర్లు. వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. రెండు తెస్తే అర లీటరు మిగిలిపోతుంది, మూడు తెస్తే పావు లీటరు ఎక్కువవుతుంది. అంటే నాకు రెండు, మా ఆవిడకి రెండు. ఇటలీ ప్రయాణం ఖాయమయ్యాక నేను వేసుకున్న మొదటి లెక్క ఇదే. మామూలు దారిలో దిగుమతయ్యే వైన్ మీద అప్పటికి 150 శాతం కస్టమ్స్ సుంకం, ఆపైన రాష్ట్రం పన్నులు. అక్కడ 40 యూరోలకి దొరికే సీసా ఇక్కడ షాపుకొచ్చేసరికి మనకి అందదు. కాబట్టి ఆ నాలుగూ ఏవన్నదే ప్రశ్న.

మంచి రెడ్ వైన్ అనగానే ఇటలీలో ముందుగా వినిపించేవి రెండు ప్రాంతాలు. ఉత్తరాన పీడ్‌మాంట్‌లో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో, బార్బరెస్కో. మధ్య ఇటలీలో, టస్కనీలో, సాంజొవేజె ద్రాక్షతో చేసే బ్రునెల్లో. రెండు చోట్లకీ వెళ్లొచ్చాం. టురిన్‌లో మా బామ్మర్ది ఉంటాడు, కార్ల డిజైన్‌లో ఉద్యోగం. పీడ్‌మాంట్‌లో తిరిగినన్నాళ్లూ కారూ వాడిదే, భాషా వాడిదే.

అక్టోబర్ 11, ఆల్బా

టురిన్ నుంచి దక్షిణంగా గంట పైచిలుకు. నుటెల్లా పుట్టిన ఊరు ఇదే. ఫెరెరో ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే వేయించిన హేజెల్‌నట్ వాసన వీధుల్లోకి వచ్చేస్తుంది. మేం వెళ్లింది శనివారం, సంత రోజు. పాత ఊరంతా బట్టలు, చీజులు, పుట్టగొడుగుల కొట్లే. మా ఆవిడ అలవాటు కొద్దీ ఒక టమాటా తీసి నొక్కి చూడబోయింది. కొట్టామె "నో నో, సిన్యోరా" అంటూ చెయ్యి అడ్డం పెట్టి, తనే నాలుగు ఏరి సంచిలో వేసింది. ఇక్కడ సరుకు ముట్టుకోకూడదు, ఇవాళ తినడానికా రేపు తినడానికా అని మాత్రం చెప్పాలి. ఇవాళ్టికైతే పండినవి ఇస్తారు, రేపటికైతే దోరవి. వైన్ కొనేటప్పుడూ ఇదే మర్యాద అని సాయంత్రానికి గాని తెలియలేదు.

అక్టోబర్ అంటే ఇక్కడ తెల్ల ట్రఫుల్ సీజన్. భూమిలో చెట్ల వేళ్ల దగ్గర పెరిగే ఈ దుంపలాంటి పుట్టగొడుగుని కుక్కలు వాసన పట్టి తవ్విస్తాయి. కొట్టులో గాజు మూత ఎత్తి చూపిస్తే మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నాకు మాత్రం ఆ వాసన నచ్చింది. మధ్యాహ్నం హోటల్లో తాయరిన్ చెప్పాను. అది గుడ్డు పచ్చసొనలతో కలిపిన పిండిని సన్నగా కోసి చేసే నూడుల్స్. కిలో పిండికి 30 పచ్చసొనలు దాకా వేస్తారట, రంగు చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. వెన్న తప్ప పైన ఇంకేం ఉండదు. సర్వర్ ట్రఫుల్‌ని చిన్న త్రాసు మీద తూచి, మన కళ్ల ముందే తురిమి, మళ్లీ తూచాడు. తగ్గింది 6 గ్రాములు. గ్రాము 5 యూరోలు. నూడుల్స్ 14, వాటి మీద పొట్టు 30. బిల్లులో తలకి 3 యూరోల "కొపెర్తో" కూడా ఉంటుంది, కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు. దాన్ని చూసి గొడవ పడకూడదు, అది మోసం కాదు, ఆచారం.

పక్క బల్ల మీద ఒక పెద్ద కుటుంబం. తాత దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా అందరూ ఉన్నారు. వాళ్ల ముందున్న సీసా బరోలో కాదు, దోల్చెత్తో. 

"బావా, వీళ్లు రోజూ బరోలో తాగుతారనుకున్నావా? అది పండక్కీ పెళ్లికీ. రోజుకి దోల్చెత్తో, లేకపోతే బార్బేరా" అన్నాడు బామ్మర్ది. దోల్చెత్తో గ్లాసు 4 యూరోలు. ముదురు ఊదా రంగు, పులుపు తక్కువ, తిండికి అడ్డం రాదు. ఇలాంటి వైన్లే ఈ ఊళ్లని నిజంగా నడిపిస్తున్నాయని నాకనిపిస్తుంది, పేరు మాత్రం వాటికి రాదు.

సాయంత్రం ఒక ఎనోతేకాకి వెళ్లాం. వైన్ అమ్మే కొట్టుని అలా అంటారు. లోపలికి వెళ్తూ "బువోనసేరా" అనాలి, అనకుండా నేరుగా సీసాల మీదికి పోతే మొహం మాడ్చుకుంటారు. కౌంటర్లో అరవై దాటిన ఆవిడ. నేను ఇంట్లో చదువుకుని వెళ్లిన పాఠం ప్రకారం 2021 కోత బరోలో ఒకటి చేతిలోకి తీసుకున్నా. 2021 మంచి ఏడాదని అందరూ రాశారు. ఆవిడ బామ్మర్ది ద్వారా మూడు ప్రశ్నలు అడిగింది. దీంతో ఏం తింటారు? ఎప్పుడు తెరుస్తారు? అప్పటిదాకా ఎక్కడ పెడతారు?

మూడింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఏడాదిలోపు తెరుస్తాం, మాది హైదరాబాద్, మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా చేతిలోంచి సీసా తీసుకుని, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి, అరలో ఉన్నచోటే పెట్టేసింది. 2021 మంచిదే, అందుకే ఇప్పుడు తాగకూడదు, 14 డిగ్రీల నేలమాళిగలో ఇంకో ఎనిమిది పదేళ్లు ఉండాలి అంది. అప్పటిదాకా అందులో వగరు తప్ప ఏమీ తెలియదట. ముందు కొండల మీదికి వెళ్లి ఊరూరా రుచి చూసి రండి, వెళ్లేముందు కొనుక్కోండి అని పంపేసింది. అమ్మకుండా పంపిన కొట్టుని మళ్లీ వెతుక్కుంటూ వెళ్లడం మన చేతిలో పని.

అక్టోబర్ 12, బార్బరెస్కో

పొద్దున్నే పొగమంచు. కొండల మధ్య పల్లమంతా తెల్లగా నిండిపోయి, శిఖరాల మీద ఊళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. బార్బరెస్కోలో ఒక పాత బురుజు ఉంది, లోపల లిఫ్ట్ పెట్టారు. పైకి వెళ్తే కింద తానరో నది, చుట్టూ పసుపుకి తిరుగుతున్న ద్రాక్షతోటలు.

ఈ ఊరి కథ నాకు బాగా నచ్చింది. 1894లో ఆల్బా వైన్ కళాశాల అధిపతి దొమీత్సియో కవాత్సా ఇక్కడి రైతుల్ని కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. అప్పటిదాకా ఇక్కడి ద్రాక్ష బరోలో చేసేవాళ్లకి పోయేది. ఫాసిస్టుల కాలంలో సంఘం మూతపడింది. రైతులు మళ్లీ ఎవరికి వారు ద్రాక్ష అమ్ముకుంటూ చితికిపోతుంటే 1958లో ఊరి చర్చి ఫాదర్ 19 మంది చిన్న రైతుల్ని కలిపి సంఘాన్ని మళ్లీ లేపాడు. మొదటి మూడేళ్లూ చర్చి నేలమాళిగలోనే వైన్ చేశారు. అదే ఇప్పటి ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో. 100 హెక్టార్లకి పైగా తోటలు వీళ్లవి. మన సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే ఎలా మూతపడ్డాయో చూసినవాణ్ని కాబట్టి, ఆ గేటు ముందు నేను కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. అదే ఊళ్లో, వైన్ తయారీలో పెద్ద పేరున్న గాయా వాళ్ల గేటూ ఉంది. అక్కడి సీసా వందల యూరోలు. సంఘం సీసా 30 పైన. ఊరొకటే, ద్రాక్షా ఒకటే. గాయా బాగుండదని కాదు, నా లెక్కకి మాత్రం ఈ ప్రాంతంలో డబ్బుకి తగ్గ సీసా అంటే సంఘానిదే.

ఊరి ఎనోతేకా ఒకప్పటి చర్చి భవనంలో ఉంది. పైకప్పు ఎత్తుగా, కిటికీలు చర్చివే. చెప్పులు విప్పాలేమోనని మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల పీఠం వైపు చూస్తే కౌంటర్, దాని మీద గ్లాసులు.

నెబ్బియోలోని మొదటిసారి గ్లాసులో చూసినవాళ్లు మోసపోతారు. రంగు పలచన, అంచున ఇటుక రంగు. ఇదేం బలమైన వైన్ అనిపిస్తుంది. వాసనలో ఎండిన గులాబీ రేకులు, ఎక్కడో కొంచెం తారు. నోట్లో పోసుకున్నాక తెలుస్తుంది దాని సంగతి. నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక ఎలా మందంగా అంటుకుపోతుందో అచ్చం అలా వగరు పట్టేసింది. దానికితోడు మంచి పులుపు. ఈ రెండూ ఉన్నందుకే ఏళ్ల తరబడి నిలవుంటుందట. ఉత్తిగా తాగితే సగం మందికి నచ్చదు. గ్లాసుతో పాటు ఇచ్చిన పచ్చి సాసేజీ ముక్క తిని మళ్లీ గుటక వేస్తే ఆ వగరే రుచిగా మారిపోయింది. కొవ్వు, మాంసం, చీజు, ఏదో ఒకటి పక్కన లేకుండా నెబ్బియోలో మీద తీర్పు చెప్పకూడదు.

రుచి చూసి ఉమ్మడానికి కౌంటర్ మీద కుండ పెడతారు. డబ్బిచ్చి కొన్న వైన్ నలుగురి ముందు ఉమ్మడమా అని నాకు మొహమాటం. మా ఆవిడ రెండో గ్లాసుకే మొహమాటం వదిలేసింది. డ్రైవర్‌గా ఉన్న బామ్మర్దికి రుచి చూసి ఉమ్మడం కూడా లేదు. ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాటితే జరిమానా, ఈమధ్య చట్టం ఇంకా బిగించారు. వాడు వాసన చూసి గ్లాసు నాకు ఇచ్చేసేవాడు, జేబులోంచి హేజెల్‌నట్లు తీసి నములుతూ.

చట్టం ప్రకారం బార్బరెస్కో కనీసం 26 నెలలు నిలవ ఉంచాకే అమ్మాలి, అందులో 9 నెలలు చెక్క పీపాలో. బరోలోకి 38 నెలలు, పీపాలో 18. బార్బరెస్కో త్వరగా మెత్తబడుతుంది, ధర కూడా కొంచెం తక్కువ. మొదటిసారి కొనేవాళ్లు బరోలో పేరు వెంట పడకుండా ముందు ఇక్కడికి రావడమే తెలివైన పని.

అక్టోబర్ 13, బరోలో

ఊరు చిన్నది, మహా అయితే పావుగంటలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేయొచ్చు. మధ్యలో ఫల్లెత్తి వంశం వాళ్ల కోట, అందులో వైన్ మ్యూజియం, కింద ఈ ప్రాంతపు ఎనోతేకా. అక్కడ యంత్రాల్లో సీసాలు వరసగా పెట్టారు. కార్డులో డబ్బు వేయించుకుని, నచ్చిన సీసా కింద గ్లాసు పెట్టి మీట నొక్కితే రెండు గుటకలు పడతాయి. ఒక్కో నొక్కు 3 నుంచి 5 యూరోలు. బరోలో చేసే హక్కున్న ఊళ్లు 11. ఒకదాని పక్కన ఒకటి రుచి చూసి పోల్చుకోవాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు. 20 యూరోల కార్డుతో మా ముగ్గురికీ గంటన్నర గడిచింది, అందులో ఒకడు వాసన మాత్రమే చూశాడు.

సీసా మెడకి కట్టిన కాగితం పట్టీ చూడమని అక్కడి కుర్రాడు చూపించాడు. దాని మీద డి.ఒ.సి.జి. అనే అక్షరాలు, అంటే ఆ ప్రాంతపు వైనేనని పూచీ ఇచ్చే గుర్తు, వరస నంబరు ఉంటాయి. నాణేలు ముద్రించే ప్రభుత్వ సంస్థే ఈ పట్టీలూ ముద్రిస్తుంది. వెనక లేబుల్ మీద "ఇంబొత్తిల్యాతో ఆల్లొరీజినె" అని ఉంటే తోట ఉన్నవాళ్లే సీసాలో పోశారని అర్థం. ఈ జాగ్రత్తల వెనక ఒక చేదు కథ ఉంది. 1986లో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న నార్జోలె నుంచి వచ్చిన చౌక వైన్‌లో మిథనాల్ కలిపారు. 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. కల్తీ సారా చావుల వార్తలు చదువుతూ పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. ఆ దెబ్బకి ఇటలీ వైన్ పరువు మొత్తం పోయింది. ఎక్కువ చేసి చవకగా అమ్మడం కన్నా తక్కువ చేసి బాగా అమ్మడమే మేలని చాలామంది తోటల వాళ్లు ఆ తర్వాతే గట్టిగా నమ్మారు.

బరోలోలో ఇంకో గొడవ కూడా నడిచింది. పాత పద్ధతిలో పెద్ద పెద్ద చెక్క పీపాల్లో ఏళ్లు ఉంచేవాళ్లు. 1980లలో కొందరు కుర్రాళ్లు ఫ్రాన్స్ వెళ్లొచ్చి 225 లీటర్ల చిన్న పీపాలు తెచ్చారు. త్వరగా మెత్తబడే, వెనిలా వాసన వచ్చే వైన్ అది. లా మొర్రాకి చెందిన ఎలియో అల్తారె 1983లో వాళ్ల నాన్న పాత పీపాల్ని రంపం మెషీన్‌తో కోసేశాడు. ఇటు పాత పక్షాన బర్తొలో మస్కరెల్లో ఉండేవాడు. 1999లో తన సీసా లేబుల్ మీద "చిన్న పీపా వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని చేత్తో బొమ్మ గీసి అంటించాడు. బెర్లుస్కోనీ అప్పటి ఇటలీ రాజకీయ నాయకుడు. 2005లో పోయాడు. అదే ఇంట్లో ఇప్పుడు కూతురు అదే పద్ధతిలో చేస్తోంది. ఆ సీసాలు మామూలు వాళ్లకి దొరకవు, దొరికినా నా కోటాలో పట్టే ధర కాదు. ఇప్పుడు ఆ యుద్ధం చల్లారింది, చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. కొనేటప్పుడు "పెద్ద పీపానా, చిన్న పీపానా" అని అడిగితే కొట్టువాళ్ల మొహంలో గౌరవం పెరగడం మాత్రం గమనించాను. పెద్ద పీపాయే నాకు నచ్చింది. చిన్న పీపాది తాగితే ద్రాక్ష కన్నా చెక్కే ముందు తగిలింది.

ఆ వీధిలోనే ఇంకో కొట్టు, ఎండ పడే అద్దాల అల్మరాలో సీసాలు నిలబెట్టి "ఆఫర్" బోర్డు పెట్టారు. ఎండలో నెలల తరబడి నిలబడ్డ వైన్ ఎంత పేరున్నదైనా ఉడికిపోయి ఉంటుంది. అలాంటి చోట లోపలికి కూడా వెళ్లనక్కర్లేదు. సూపర్ మార్కెట్లో 18 యూరోల బరోలో కూడా కనిపించింది. పట్టీ ఉంది, నెలలూ సరిపోయి ఉంటాయి, నకిలీ కాదు. కాకపోతే నాలుగు చోట్ల మిగిలినవి కొని కలిపి పోసినదై ఉంటుంది. ఆ డబ్బుతో మంచి లాంగే నెబ్బియోలో వస్తుంది, లాంగే అంటే ఈ కొండల ప్రాంతం పేరే. అదే ద్రాక్ష, తక్కువ నిలవ, ఎక్కువ ఆనందం.

అక్టోబర్ 14, సెర్రాలుంగా, లా మొర్రా, వెర్దూనో

సెర్రాలుంగా వైపు మట్టి పాతది, గట్టిది, ఇసుకరాయి కలిసినది. లా మొర్రా వైపు నీలం బూడిద రంగు సున్నపు మట్టి, కాస్త కొత్తది. మధ్యలో ఒక లోయ, కారులో అరగంట కూడా పట్టదు. సెర్రాలుంగా బరోలో దవడలు బిగిస్తుంది, లా మొర్రాది ముందు వాసనతో పలకరిస్తుంది. మట్టికి ఇంత తేడా ఉంటుందా అనుకున్నవాణ్ని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగాక నోరు మూసుకున్నాను. త్వరగా తాగాలంటే లా మొర్రా, కూతురి పెళ్లికి దాచాలంటే సెర్రాలుంగా అని అక్కడి వాళ్లు సూటిగా చెప్పేస్తారు.

లా మొర్రా ఎక్కుతూ ఫోన్‌లో మ్యాప్ చెప్పిందని ఒక సందులోకి తిప్పాడు బామ్మర్ది. తారు పోయి కంకర, కంకర పోయి మట్టి. రెండువైపులా తోటలు. ఎదురుగా ట్రాక్టర్, దాని ట్రాలీ నిండా ఆవిర్లు కక్కుతున్న ద్రాక్ష పిప్పి. గ్రాప్పా అనే సారా కాచడానికి తీసుకెళ్తున్నారు. ఆ పులిసిన వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చేసింది. వెనక్కి పోవడానికి లేదు, పక్కకి తప్పుకోవడానికి లేదు. ట్రాక్టర్ మీదున్నతను దిగి, చేతులతో సైగలు చేస్తూ మా కారుని అంగుళం అంగుళం వెనక్కి నడిపించి, ఒక మలుపులో నిలబెట్టించాడు. మాసిడోనియా నుంచి వచ్చాడట, పదేళ్లు దాటింది. ఈ కొండల్లో ద్రాక్ష కోసే చేతులు ఇప్పుడు ఎక్కువగా అక్కడివీ, ఆఫ్రికావీ. 2024లో ఇక్కడ కూలీల దోపిడీ మీద పోలీసు కేసులు కూడా నడిచాయి. 60 యూరోల సీసా వెనక ఆ లెక్క కూడా ఉంటుంది, లేబుల్ మీద మాత్రం ఉండదు.

ఆ మలుపు దగ్గరే రంగురంగుల చిన్న చాపెల్ కనిపించింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. 1914లో తోటల్లో పనిచేసేవాళ్లు వానకి తలదాచుకోవడానికి కట్టిందట, ప్రార్థనలు ఎప్పుడూ జరగలేదు. 1999లో సోల్ లెవిట్, డేవిడ్ ట్రెమ్లెట్ అనే చిత్రకారులు దానికి రంగులేశారు. దారి తప్పకపోతే చూసేవాళ్లం కాదు.

సాయంత్రం వెర్దూనో. ఇది కూడా బరోలో ఊరే, కానీ ఈ ఊరికి సొంతంగా పెలవెర్గా అనే ఎర్ర ద్రాక్ష ఉంది. ఇక్కడా చుట్టుపక్కల కాస్తా తప్ప ఎక్కడా కనిపించదు. ఒక చిన్న కాంతీనాలో, అంటే వైన్ తయారుచేసే చోట, యజమాని భార్య వంటింటి పక్క గదిలోనే పోసింది. లేత ఎరుపు, వగరు దాదాపు లేదు, మిరియాల ఘాటు స్పష్టంగా తెలుస్తోంది. ఇన్ని రోజుల్లో మా ఆవిడ గ్లాసు మొత్తం ఖాళీ చేసింది ఇక్కడే. "ఇది మన కూరల్లోకి సరిపోతుంది" అంది. నిజమే. వగరున్న వైన్‌తో కారం తింటే వగరూ మండుతుంది, ఆల్కహాలూ మండుతుంది. కారం తినేవాళ్లం బరోలో కన్నా ముందు ఇలాంటివి వెతుక్కోవాలి. ఈ సీసా 15 యూరోలు. వైన్లకి మార్కులేసే ఏ పాయింట్ల జాబితాలోనూ నాకు దీని పేరు కనపడలేదు.

రాత్రి ఆల్బాలో మళ్లీ ఆ పెద్దావిడ కొట్టుకి వెళ్లాం. మూడు ప్రశ్నలకీ ఈసారి జవాబులున్నాయి. ఆవిడే ఏరి ఇచ్చింది. సహకార సంఘం బార్బరెస్కో 32 యూరోలు. లా మొర్రాకి చెందిన, పెద్ద పీపాలో ఉంచిన 2018 బరోలో 46. ఆ ఏడాది తేలికైనది, పేరున్న 2016 అంత గొప్పది కాదు, అందుకే ఇప్పుడు తాగడానికి బాగుంటుంది, ధరా తక్కువ. వెర్దూనోలో యజమాని భార్య దగ్గర చిల్లర లేక కొనలేకపోయిన పెలవెర్గా కూడా ఇక్కడే తీసుకున్నాం. మొత్తం 93. ఒకే కొట్లో, ఒకే రోజు 70 యూరోలు దాటితే యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లకి పన్ను వాపసు కాగితం రాసిస్తారు, పాస్‌పోర్ట్ చూపించాలి.

అక్టోబర్ 16, మోంటల్చీనో

బామ్మర్ది సెలవు అయిపోయింది, ఇక మేమిద్దరమే. సియెనా నుంచి కొండలెక్కే బస్సు. పీడ్‌మాంట్ కొండలు దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉంటే టస్కనీవి విశాలంగా పరుచుకున్నాయి. మోంటల్చీనో ఆ అన్నిటి మీదా ఎత్తుగా, 1361లో కట్టిన కోటతో. కోట లోపలే ఒక వైన్ కొట్టు.

బ్రునెల్లోకి పుట్టినిల్లు ఈ ఊరు. బియొందీ శాంతీ కుటుంబం సాంజొవేజె ఒక్కదానితోనే, ఏళ్ల తరబడి నిలవుంచే వైన్ చేయడం మొదలుపెట్టింది. 1888 వాళ్ల తొలి ప్రసిద్ధ సీసా. ఇప్పటి నిబంధన ప్రకారం కోత తర్వాత అయిదో ఏడాది జనవరి దాకా అమ్మకూడదు. 2008లో ఇక్కడా ఒక రభస జరిగింది. కొందరు సాంజొవేజెలో వేరే ద్రాక్షలు కలుపుతున్నారని దర్యాప్తు మొదలైంది, లక్షల లీటర్లు ఆగిపోయాయి. తర్వాత 2011లో తమ్ముడి వరస వైన్ అయిన రొస్సో దీ మోంటల్చీనోలో వేరే ద్రాక్ష కలపనిద్దామా అని ఓటు పెడితే, రైతులే పెద్ద మెజారిటీతో వద్దన్నారు.

మధ్యాహ్నం పించి తిన్నాం. చేత్తో పాముగా నులిమిన మందపాటి నూడుల్స్, మీద అడవిపంది మాంసం కూర. వడ్డించిన కుర్రాడు మా ఆవిడ ప్లేటులో మిగిలిన రసం చూసి రొట్టె ముక్క చేతికిచ్చి తుడుచుకు తినమని చూపించాడు. అలా తినడం వంట చేసినవాళ్లకి మెచ్చుకోలు. దాంతోపాటు రొస్సో గ్లాసు 6 యూరోలు. చెర్రీ పులుపు, కొంచెం మట్టి వాసన, వగరు ఉందంటే ఉంది. చాలా బాగుంది. ఇదే కొనేద్దాం, 20 యూరోలు, ఇప్పుడే తాగేయొచ్చు అన్నాను.

"ఇంత దూరం వచ్చి అన్నని వదిలేసి తమ్ముణ్ని తీసుకెళ్తారా?" అంది మా ఆవిడ.

"రుచి తమ్ముడిదే బాగుంది కదా."

"తమ్ముణ్ని ఇక్కడ తాగేశాం కదండీ. నా కోటాలో ఒకటి నేను చూసుకుంటా."

ఆవిడ కోటా ఆవిడది. కోటలో కొట్టతను 2020 వద్దని, అర వెనక నుంచి 2015 బ్రునెల్లో తీశాడు. 2015 ఎండలు బాగా కాసిన ఏడాది, మెత్తగా ఉంటుంది, పదేళ్లు కూడా గడిచాయి. 68 యూరోలు. చిన్న గుటక రుచి చూపించాడు. ఎండు చెర్రీ, తోలు, పొగాకు వాసన. నాలుక మీద అంతసేపు నిలిచిన వైన్ ఈ ప్రయాణంలో ఇంకోటి లేదు. నేను నోరెత్తలేదు.

తిరుగు ప్రయాణం

నాలుగు సీసాలు 161 యూరోలు, మన డబ్బులో 16 వేల పైన. ఒక్కోదాన్నీ స్వెట్టర్‌లో చుట్టి, సూట్‌కేసు మధ్యలో, చక్రాలకి దూరంగా పెట్టాం.  రోమ్ ఎయిర్‌పోర్టులో పన్ను వాపసు వరసలో గంట నిలబడితే చేతికొచ్చింది 10 యూరోలు. ఆ గంటలో పోయిన ఓపికకి ఇది గిట్టుబాటు కాదు. ఇంతకన్నా పెద్ద బిల్లుంటే తప్ప ఆ వరసలో నిలబడొద్దు. శంషాబాద్‌లో ఎవరూ ఏమీ అడగలేదు, అడిగితే చూపించడానికి బిల్లులు మాత్రం జేబులో పెట్టుకున్నాను.

పెలవెర్గా వచ్చిన వారంలోనే నాటుకోడి పులుసుతో అయిపోయింది. కాస్త చల్లగా పోశాం, మిరియాల ఘాటు పులుసులో కలిసిపోయింది. మిగతా మూడూ ఫ్రిజ్‌లో అడుగు సొరుగులో పడుకుని ఉన్నాయి. తెరవడానికి గంట ముందు బయట పెడితే చాలని ఆల్బా ఆవిడ చెప్పింది. బరోలో సంక్రాంతికి. బామ్మర్ది వస్తున్నాడు, తన కారులో ఊరూరా తిప్పి గ్లాసు మూతికి కూడా ఆనించనివాడు కదా. ఫోన్ చేసినప్పుడు వాళ్లక్కతో ముందే చెప్పేశాడు, మటన్‌లో ఆ రోజుకి కారం సగం తగ్గించమని. అక్క ఇంకా ఒప్పుకోలేదు.